మొదటి గుక్కకు ముందే

మద్యం హరామ్ కదా, మన పిల్లలకు ఆ బెడద లేదని ధీమాగా ఉంటాం. ఆ ధీమాయే మన కళ్లకు గంతలు కడుతుంది. తప్పు చేసిన పిల్లవాడు భయంతో ఇంకా దాస్తాడు.

మొదటి గుక్క తరచుగా దుకాణంలో దొరకదు. పెళ్లి బరాత్‌లోనో, క్రికెట్ ఆట అయ్యాకో పెద్ద కుర్రాళ్లే అందిస్తారు. 18 ఏళ్లలోపు వారికి మద్యం ఇస్తే, 2015 నాటి బాలల న్యాయ చట్టం 77వ సెక్షన్ కింద 7 ఏళ్ల వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా. బరాత్‌లో ఈ సంగతి ఎవరికి గుర్తుంటుంది!

అందుకే అసర్ నుంచి ఇషా దాకా పిల్లలకు ఒక చదువు గది, కేరమ్ బోర్డు, ఓపికగా వినే ఒక పెద్దాయన కావాలంటున్నాం. మీ విరాళాలు అడిగేది వీటికే. ఇంట్లో మాత్రం, వాసన వచ్చిన రాత్రి కొట్టకండి. తెల్లవారాక పక్కన కూర్చోబెట్టుకుని, ఎవరిచ్చారో అడగండి.