జానెడు నీళ్లలో రెడ్‌ఫిష్

టెక్సస్ దక్షిణ తీరంలో పాడ్రే ద్వీపం వెనక దాదాపు 200 కిలోమీటర్ల పొడవున లగూనా మాద్రే అనే ఉప్పునీటి సరస్సు ఉంది. సగటు లోతు ఒక మీటరు. పెద్ద నదేదీ వచ్చి కలవదు, వాన తక్కువ, ఎండ ఎక్కువ. అందుకే దీని నీళ్లు తరచు సముద్రం కన్నా ఉప్పగా ఉంటాయి. నడివేసవిలో మన పులికాట్ పరిస్థితీ ఇంతే. అంత ఉప్పును తట్టుకుని బతికే చేప రెడ్‌ఫిష్. గాలం పట్టేవాళ్లు ఎక్కడెక్కడి నుంచో ఇక్కడికి వచ్చి, గైడ్‌ను మాట్లాడుకుని మరీ వెతికేది దీన్నే.

మన జాలర్లు గొరకలనే చేపల కుటుంబమే ఇది. వేలంలో లక్షలు పలికిందంటూ పేపర్లకెక్కే కచిడీ ఇందులోదే. కచిడికి ఆ ధర తెచ్చేది కడుపులోని గాలితిత్తి. మగ రెడ్‌ఫిష్ తన తిత్తి పక్క కండరాలను చకచకా అదిలించి, డప్పు మోగించినట్టు చప్పుడు చేసి ఆడచేపను పిలుస్తుంది.

లోతు లేని నీళ్లలో మోటారు వేస్తే చేప బెదిరిపోతుంది. అందుకే గైడ్ మోటారు పైకెత్తి, పడవ వెనకనున్న ఎత్తైన మంచె మీద నిలబడి గెడ వేస్తాడు. అడుగు చదునుగా ఉండే ఆ పడవ తేలడానికి జానెడు నీళ్లు చాలు. నీటి మెరుపును అడ్డుకునే పోలరాయిడ్ కళ్లద్దాలతో అతను వెతికేది చాలాసార్లు చేపను కాదు, దాని జాడను: గడ్డి మధ్య లేచిన బురద, నీటి మీద సాగే చిన్న అల, లేదంటే తోక.

ఆ తోక సంగతి కాస్త వివరంగా చెప్పాలి. రెడ్‌ఫిష్ నోరు కిందివైపుకి ఉంటుంది. గడ్డిలో నక్కిన పీతను పట్టాలంటే తల నేలకు ఆనించాలి. నీళ్లు మోకాలి లోతు కూడా లేనప్పుడు ఒళ్లు ఏటవాలుగా లేచి తోక బయటికొస్తుంది. పొద్దుటి ఎండలో రాగిరంగు తోక, దాని మొదట్లో నల్లమచ్చ స్పష్టంగా కనిపిస్తాయి. వేటాడే జంతువు ఆ మచ్చను కన్ననుకుని తలకు బదులు తోకను పట్టబోతుందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. ఈలోగా పీత పెంకు చేప గొంతులోని పళ్ల మధ్య నలిగిపోతుంటుంది. గైడ్ గొంతు తగ్గించి “పదకొండు గంటలు, నలభై అడుగులు” అంటాడు. పడవ ముందు కొసను పన్నెండనుకుని చెప్పే దిక్కు అది. ఎరను చేపకు అవతల వేసి, దాని దారికి అడ్డంగా లాగాలి. చేప మీదికే వచ్చేలా లాగితే పారిపోతుంది. ఏ పీతా తనను తినేదాని మీదికి రాదు కదా!

ఇక్కడ సముద్రపు ఆటుపోట్లు స్వల్పం. నీటిని అటూ ఇటూ నెట్టేది గాలే. చలిగాలి వీస్తే తక్కువ లోతు నీళ్లు త్వరగా చల్లబడి చేపలు లోతైన కాలువల్లోకి దిగిపోతాయి. 2021 ఫిబ్రవరి మంచుతుఫానులో టెక్సస్ తీరమంతా కలిపి దాదాపు 38 లక్షల చేపలు చనిపోయాయని ఆ రాష్ట్ర వన్యప్రాణి శాఖ లెక్కకట్టింది.

పట్టిన చేపను కొలబద్ద మీద పెట్టి చూడాలి. టెక్సస్ నిబంధన ప్రకారం 20 నుంచి 28 అంగుళాల మధ్యవే ఉంచుకోవచ్చు, అదీ రోజుకు మూడు. అంతకన్నా పెద్దదాన్ని ఉంచుకోవాలంటే లైసెన్సుతో వచ్చే ప్రత్యేక ట్యాగు కట్టాలి. పెద్దదాన్ని వదిలేయడం చాలామందికి వింతగా తోస్తుంది. నాకైతే ఈ మొత్తం కథలో అన్నిటికన్నా తెలివైన నియమం ఇదే. రెడ్‌ఫిష్ పుట్టాక మూడు నాలుగేళ్లు సరస్సులోనే వేగంగా పెరిగి, దాదాపు 28 అంగుళాలకు ఈడుకొచ్చి గల్ఫ్ ఆఫ్ మెక్సికోలోకి వెళ్లిపోతుంది. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఏటా లక్షల గుడ్లు పెడుతుంది. చెవిరాయిలోని వలయాలు లెక్కపెడితే నలభై ఏళ్లు దాటినవీ తేలాయి. అలాంటి ఒక్క తల్లిచేపను చంపితే ఎన్నో ఏళ్ల సంతానం పోతుంది.

ఇది అనుభవం మీద నేర్చిన పాఠం. 1980లలో న్యూ ఆర్లీన్స్ వంటగాడు పాల్ ప్రుడామ్ మసాలా దట్టించి మాడ్చి వండిన రెడ్‌ఫిష్ అమెరికా అంతటా మోజైంది. గల్ఫ్‌లో గుంపులు గుంపులుగా తిరిగే తల్లిచేపలను పెద్దవలలతో తోడేశారు. అప్పటికే తగ్గుదల చూసిన టెక్సస్ 1981లోనే తన నీళ్లలో పట్టిన రెడ్‌ఫిష్ అమ్మకాన్ని నిషేధించింది. పోర్ట్ అరాన్సస్‌లోని విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు తొట్టెల్లో వెలుతురునూ వేడినీ మార్చుతూ ఏడాది రుతువులను కొన్ని నెలల్లోకి కుదించి, చేపలు అక్కడే గుడ్లు పెట్టేలా చేశారు. ఆ పద్ధతితోనే హేచరీల నుంచి కోట్ల పిల్లలను సరస్సుల్లో వదిలారు.

అయితే వదిలిన పిల్లకు దాక్కోవడానికి గడ్డి కావాలి. లోతులేని చోట మోటారు రెక్క ఈ సముద్రపు గడ్డిని వేళ్లతో సహా కోసేస్తుంది. ఇందులో టర్టిల్ గ్రాస్ అనే రకానికి తగిలిన అలాంటి గాయం పూడటానికి ఏళ్లు పడుతుంది. 2013 నుంచి టెక్సస్ తీరమంతటా అలా పెకలించడం నేరం. హ్యూస్టన్ నుంచి ఈ సరస్సు ఉత్తర కొస దగ్గరున్న కార్పస్ క్రిస్టీ కారులో మూడున్నర గంటల దూరం. హ్యూస్టన్‌లోని మన తెలుగువాళ్లు గైడ్‌ను మాట్లాడుకునేటప్పుడు ధరతో పాటు, గడ్డి మీద మోటారు నడుపుతాడా, గెడ వేస్తాడా అన్నది కూడా ముందే అడగాలి.