మూసీ దిగువ పల్లె పీర్జాదిగూడ

అమెరికా సంయుక్త రాష్ట్రములలో టౌన్‌షిప్పు అను గ్రామ విభాగము గలదు. 1785వ సంవత్సరపు శాసనము ననుసరించి అచ్చటి నేలను గొలుసుతో కొలిచి, ఆరేసి మైళ్ల చదరములుగా విభజించి, ఒక్కొక్క చదరమును 640 ఎకరముల చొప్పున 36 భాగములు చేసిరి. అందు పదునారవ భాగము పాఠశాల కుంచిరి. వాగు వచ్చినను గుట్ట వచ్చినను గీత యాగలేదు. మన గ్రామముల యెల్లలట్లు పుట్టినవి కావు. నీరు పారిన త్రోవయే మనకు పొలిమేర. ఇందులకు ఉప్పలునకు తూర్పున వరంగల్లు బాటమీద నున్న పీర్జాదిగూడను చూపుదుము.

పీర్జాదా యనగా పీరు వంశమువాడు. గూడ యనగా చిన్న పల్లె. ఇరు భాషల మాటలు కలిసిన ఇట్టి పేళ్లు హైదరాబాదు చుట్టును పెక్కులు గలవు. ఉత్తరమున బాట, దక్షిణమున మూసీ. నడుమ నేల నది వైపునకు వాలియుండును. మెట్టున నల్లరాయి చివికి యేర్పడిన ఎఱ్ఱచల్క, యేటి దరిని ఒండ్రు. ఈ ప్రాంతపు చల్కలలో జొన్న, కంది, ఆముదము వేయుదురు. తరి పొలములలో ఆబీ, తాబీ యని రెండు వరిపంటలు పండించెడివారు. నదికి అడ్డముగా కట్టిన కత్వల నుండి కాలువలు బయలుదేరి దిగువ చెరువులను నింపును.

వికారాబాదు దగ్గరి అనంతగిరి కొండలలో పుట్టిన మూసీ, నగరమును దాటియే ఈ పల్లెకు వచ్చును. పల్లె చరిత్ర యంతయు ఈ యొక్క సంగతిలోనే యున్నదని మా యభిప్రాయము. 1908 సెప్టెంబరు వరదలో నగరము మునిగిన పిమ్మట, ఎగువను ఉస్మాన్‌సాగరు 1920లోను, హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియయ్యెను. వరద కట్టుబడెను, నగరమునకు త్రాగునీరు దొరకెను. కాని దిగువకు రావలసిన మంచినీరు తగ్గెను. తరువాత నగరము పెరిగినకొలది మంజీర నీరు, కృష్ణ నీరు, 2015 నుండి గోదావరి నీరు గూడ గొట్టముల ద్వారా నగరమునకు వచ్చెను. ఇవన్నియు వాడిన పిమ్మట పడునది మూసీలోనే. వేసవిలో ఇసుక తేలవలసిన నది యేడాది పొడుగున పారుచున్నది. ఏడాదెల్ల నీరు గల రైతును చూచి మెట్టరైతు అసూయపడవచ్చును. ఆ నీటి వాసన చూచిన పిమ్మట మానుకొనును.

మురుగునీటిలో నత్రజని మెండు. వరి నల్లగా బలిసి, అగ్గితెగులునకు, దోమకు లోనై, పొట్టమీద పడిపోవును; తాలు హెచ్చు. ఎరువు మిగిలినదని సంతసించినవాడు కళ్లములో దుఃఖించును. కావుననే ఈ యొడ్డున రైతులు వరిని విడిచి పారాగడ్డికి దిగిరి. బురదలో కాడ గుచ్చిన చాలును. పలు సంవత్సరములు నిలిచి, సుమారు నెలకొక కోత నిచ్చును. నగరమందలి పాడి గేదెలకు అమ్ముడుపోవును. కోతయు మోతయు చాలవరకు స్త్రీల పని. వారి కాళ్లు నిత్యము ఆ నీటిలోనే. కొంకిపురుగు అరికాలి చర్మము గుండ లోనికి చొచ్చి రక్తము పీల్చును. ఈ నీటితో సేద్యము చేయువారిలో ఆ జాడ్యము హెచ్చని పరిశోధకులు కనుగొనిరి. పొడుగు జోళ్లు ధరించుట, ఏటికొకసారి వైద్యునిచే పురుగుల మందు పుచ్చుకొనుట తప్పనిసరి. పచ్చిగా తిను కొత్తిమీర, ముల్లంగి వంటి వానిని ఈ నీటితో పెంచరాదు. అంబరుపేటలో రోజునకు 33 కోట్ల 90 లక్షల లీటర్ల మురుగును శుద్ధిచేయు యంత్రశాల గలదు. శుద్ధియైన నీరును త్రాగునీరని భ్రమింపరాదు.

పరిపాలన చరిత్ర క్లుప్తముగా చెప్పుదుము. నగరము చుట్టునుండిన అత్రాఫ్-ఎ-బల్దా జిల్లా 1948లో పోయి హైదరాబాదు జిల్లా యేర్పడెను. 1949లో జాగీరులు రద్దయ్యెను. 1950 నాటి కౌలుదారీ చట్టము రక్షిత కౌలుదారులకు హక్కు నిచ్చెను. 1978లో రంగారెడ్డి జిల్లా, 2016లో మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా వచ్చినవి. 2016లోనే పీర్జాదిగూడ పురపాలక సంఘమయ్యెను, 2019లో నగరపాలక సంస్థ యయ్యెను. నీటి వెనుక నగరమే నడిచివచ్చెను. చల్కలన్నియు ఇండ్ల స్థలములయ్యెను.

ఇంకను దిగువనున్న మన సభ్యుల పొలములకును బేరగాండ్రు వచ్చుచున్నారు. అమ్ముటయా మానుటయా వారి వారి యిష్టము. బయానా పుచ్చుకొనుటకు ముందు పహాణీ నకలు తీసికొని, సర్వే నంబరులో చెరువు శిఖము కలిసియున్నదేమో, పూర్వపు రక్షిత కౌలుదారు పేరు నమోదై యున్నదేమో తహసీలు కచేరీలో చూచుకొనవలెను. పది హెక్టారులకు తక్కువ కాని చెరువు నిండు నీటిమట్టము నుండి 30 మీటర్లు, అంతకు చిన్న కుంటకు 9 మీటర్లు కట్టడము కూడదని నిబంధన గలదు. అట్టి నేలను ఇంటి స్థలమని అమ్మినవాడును, కొన్నవాడును కోర్టు మెట్లెక్కవలసి యుండును.