తొలి కాన్పులో ఇన్‌ఫెక్షన్.. రెండోసారీ వస్తుందా?

తొలి కాన్పులో ఇన్‌ఫెక్షన్ సోకింది. నెలలు నిండకముందే ఉమ్మనీరు పోయింది. బిడ్డను వారాల తరబడి ఎన్‌ఐసీయూలో ఉంచారు. మళ్లీ గర్భం వస్తే ఇదంతా మరోసారి పడాల్సిందేనా? అవసరం లేదు. కానీ ముప్పు మిగతావారికన్నా ఎక్కువే. అందుకే డాక్టర్లకు మొదట్లోనే తెలియాలి.

ఎందుకు తిరగబెడుతుంది?

గర్భిణుల్లో కిడ్నీల నుంచి మూత్రం దిగే నాళాలు వదులవుతాయి. మూత్రం నిలిచి బ్యాక్టీరియా పెరుగుతుంది. మంట, జ్వరం లేకపోయినా ఇన్‌ఫెక్షన్ ఉండొచ్చు. వదిలేస్తే కిడ్నీలకు పాకి, ముందస్తు కాన్పుకు దారితీయొచ్చు.

గ్రూప్ బి స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా తల్లికి ఏ ఇబ్బందీ పెట్టకుండానే ఉండొచ్చు. కాన్పు సమయంలో బిడ్డకు సోకితే న్యుమోనియా రావొచ్చు. మందులతో పోయినా మళ్లీ చేరగలదు. తొలి బిడ్డకు దీనివల్ల జబ్బు చేసి ఉంటే, తర్వాతి కాన్పులో నొప్పులు మొదలైనప్పుడే తల్లికి యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఇవ్వాలి.

సిఫిలిస్ పెన్సిలిన్‌తో నయమవుతుంది. భర్తకూ చికిత్స చేయకపోతే మళ్లీ సోకుతుంది. అందుకే ప్రతి గర్భంలోనూ పరీక్ష చేస్తారు.

పాత కాగితాలే కీలకం

మనదగ్గర తొలి కాన్పు తరచూ పుట్టింట్లో, రెండోది ఉద్యోగం ఉన్న ఊళ్లో జరుగుతుంది. పాత ఫైలు అక్కడే ఉండిపోతుంది. డిశ్చార్జ్ సమ్మరీ, కల్చర్ రిపోర్టులు, బిడ్డ ఎన్‌ఐసీయూ కాగితాలు తెప్పించుకోండి. ఫొటోలు తీసి ఫోన్‌లో ఉంచుకోండి. ఎన్నో వారంలో కాన్పయింది, ఏ మందు పడలేదు అన్నవి మొదటి చెకప్‌లోనే చెప్పండి. యూరిన్ కల్చర్ అవసరమా అని అడగండి.

ఉచితంగా ఏం దొరుకుతాయి?

12 వారాల్లోపు ఆశా లేదా ఏఎన్‌ఎం దగ్గర పేరు నమోదు చేయించుకోండి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో మూత్ర, హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్షలు ఉచితం. 2016లో మొదలైన ప్రధానమంత్రి సురక్షిత్ మాతృత్వ అభియాన్ కింద, నాలుగో నెల నుంచి గర్భిణులను ప్రతి నెలా 9న డాక్టర్ ఉచితంగా చూస్తారు. ముప్పు ఎక్కువున్నవారి కార్డుపై ఎర్ర స్టిక్కర్ అంటిస్తారు. దాన్ని చూసి భయపడొద్దు. మీపై ప్రత్యేక శ్రద్ధ పెట్టాలని సిబ్బందికి గుర్తు చేసేందుకే అది.

ఇవి కనిపిస్తే ఆగొద్దు

చలిజ్వరం, నడుము పక్కన నొప్పి, దుర్వాసనతో స్రావం, ఉమ్మనీరు పోవడం, బిడ్డ కదలికలు తగ్గడం.. వీటిలో ఏది కనిపించినా తర్వాతి చెకప్ తేదీ కోసం చూడకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. వాహనం లేకపోతే 108కి ఫోన్ చేయండి. ఇంట్లో మిగిలిన పాత యాంటీబయాటిక్‌లు మాత్రం వేసుకోవద్దు. కొన్ని గర్భంలోని బిడ్డకు హాని చేస్తాయి.