ఇంజన్ ఆయిల్ డబ్బా మీది రాతలు: అపోహలు – వాస్తవాలు

ఇంజన్ ఆయిల్ డబ్బా మీద రెండు రకాల రాతలుంటాయి. 'పవర్', 'రేసింగ్', 'అల్ట్రా' లాంటి పెద్ద అక్షరాలు కంపెనీ తనకు తోచినట్టు పెట్టుకున్నవి. 10డబ్ల్యూ-30, ఏపీఐ ఎస్‌ఎన్, జాసో ఎంఏ2 లాంటి చిన్న రాతలు మాత్రం ఒక్కొక్కటీ ఒక పరీక్షకో, ఒక ప్రమాణానికో కట్టుబడినవి. కొనేవారి చూపు పెద్ద అక్షరాల మీదే ఆగిపోతుంది. ఆయిల్ గురించి చెలామణీలో ఉన్న అపోహల్లో చాలావాటికి మూలం అదే.

10డబ్ల్యూ-30లో డబ్ల్యూ అంటే 'వెయిట్' అన్నది వాటిలో పాతది. అది 'వింటర్', అంటే చలికాలం. అమెరికాలోని ఆటోమోటివ్ ఇంజనీర్ల సంఘం ఎస్‌ఏఈ రూపొందించిన జే300 ప్రమాణంలో ఈ అంకెలు చిక్కదనానికి పెట్టిన తరగతులు. ముందున్న అంకె డిగ్రీల లెక్క కాదు. చలిలో ఇంజన్ తిరగగలదా అన్న పరీక్షను 20డబ్ల్యూ ఆయిల్‌కు మైనస్ 15 డిగ్రీల సెల్సియస్ దగ్గర, 10డబ్ల్యూకు మైనస్ 25 దగ్గర, 0డబ్ల్యూకు మైనస్ 35 దగ్గర పెడతారు. లంబసింగి వణికిపోయే తెల్లవారుజామున కూడా పాదరసం సున్నా చుట్టుపక్కలే ఆగుతుంది. అందుచేత 20డబ్ల్యూ ఆయిల్ గడ్డకట్టి బండి మొరాయించే పరిస్థితి తెలుగునాట రాదు. అయినా కొత్త బళ్లకు కంపెనీలు 10డబ్ల్యూ, 5డబ్ల్యూ, 0డబ్ల్యూ చెప్పడానికి వేరే కారణముంది. రాత్రంతా నిలిపిన బండిలో ఆయిల్ అడుగుకు దిగిపోతుంది. పొద్దున్నే స్టార్ట్ చేయగానే అది పైన క్యామ్‌షాఫ్ట్ దాకా తొందరగా ఎక్కాలి. పలచగా ఉంటే తొందరగా ఎక్కుతుంది, పెట్రోలూ కొంత మిగులుతుంది.

గీత తర్వాతి అంకె ఇంజన్ వేడెక్కాక ఉండే చిక్కదనానికి గుర్తు. వంద డిగ్రీల దగ్గర 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ (చిక్కదనానికి కొలమానం) లోపు ఉంటే 30, 12.5 నుంచి 16.3 లోపు ఉంటే 40. '10డబ్ల్యూ-40 చల్లగా ఉన్నప్పుడు 10లా పలచగా ఉండి, వేడెక్కితే 40లా చిక్కబడుతుంది' అని మెకానిక్ షెడ్లలో వినిపించే మాట తలకిందులు. వేడెక్కితే చిక్కబడే ఇంజన్ ఆయిల్ లేదు. నలభై డిగ్రీల దగ్గర సుమారు 90–100 సెంటీస్టోక్స్ ఉండే 10డబ్ల్యూ-40, వందకు చేరేసరికి 14 దగ్గరికి పడిపోతుంది. అందులో కలిపిన పాలిమర్లు ఈ పడిపోవడాన్ని నెమ్మదింపజేస్తాయి, ఆపవు.

'మన ఎండలకు చిక్కటి ఆయిలే మంచిది' అన్నది అన్నిటికన్నా మొండి అపోహ. రామగుండంలో మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీలున్నా, కారులో థర్మోస్టాట్, రేడియేటర్ కలిసి ఇంజన్‌ను ఇంచుమించు 90 డిగ్రీల దగ్గరే నిలుపుతాయి. గాలితో చల్లబడే బైకుల్లో వాతావరణ ప్రభావం కొంత ఎక్కువే, ఆ మేరకు ఈ నమ్మకంలో నిజం లేకపోలేదు. కానీ ఏ ఆయిల్ పోయాలన్నది ప్రధానంగా ఇంజన్ కట్టడాన్ని బట్టి తేలుతుంది: బేరింగుల మధ్య సందు ఎంత, ఆయిల్ పంపు ఎంత తోడగలదు అన్నదాన్ని బట్టి. ఒకే విజయవాడ ఎండలో తిరిగే రాయల్ ఎన్‌ఫీల్డ్‌కు 15డబ్ల్యూ-50, యాక్టివాకు 10డబ్ల్యూ-30 చెప్పడం ఇందుకే. సన్నని ఆయిల్ దారులున్న కొత్త ఇంజన్‌లో 20డబ్ల్యూ-50 పోస్తే కలిగేది అదనపు రక్షణ కాదు, మైలేజీ నష్టం.

చిక్కదనం ఒకటి, నాణ్యత మరొకటి. నాణ్యతను చెప్పేవి అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ వారి ఏపీఐ అక్షరాలు. ఎస్‌తో మొదలైతే పెట్రోల్ ఇంజన్లకు, సీతో మొదలైతే డీజిల్‌కు. రెండో అక్షరం వర్ణక్రమంలో ముందుకు పోయేకొద్దీ ప్రమాణం కొత్తది: ఎస్‌ఎన్ 2010లో, ఎస్‌పీ 2020లో వచ్చాయి. మధ్యలో ఎస్‌ఓ లేదు, దాన్ని దాటేశారు. 'ఏపీఐ ముద్ర ఉంటే చాలు' అనుకోవడం పొరపాటు. ఎస్‌ఏ నుంచి ఎస్‌హెచ్ దాకా ఉన్నవన్నీ కాలం చెల్లినవని ఏపీఐయే ప్రకటించింది. అసలు ఎస్‌ఏ ఆయిల్ 1930 తర్వాత తయారైన ఇంజన్లకు పనికిరాదు. పెట్రోల్ ఆయిళ్లలో కొత్త అక్షరం పాత ఇంజన్‌కు సాధారణంగా సరిపోతుంది. డీజిల్‌లో ఆ భరోసా లేదు. 2016లో సీకే-4తో పాటే వచ్చిన ఎఫ్‌ఏ-4, సీతో మొదలుకాకపోయినా డీజిల్ ఆయిలే. అది పలచని రకం, దాన్ని పాత లారీ ఇంజన్లలో పోయకూడదు.

బైకుల దగ్గర మాత్రం ఏపీఐ అక్షరంతో పని పూర్తికాదు. 'ఎస్‌పీ గ్రేడ్ కారు ఆయిల్ ఖరీదైనది, బైకులో పోస్తే ఇంకా స్మూత్‌గా నడుస్తుంది' అని కొందరి నమ్మకం. కారులో ఆయిల్ ఇంజన్‌కే పరిమితం. చాలా బైకుల్లో అదే ఆయిల్ గేర్లను, క్లచ్ ప్లేట్లను కూడా తడుపుతుంది. కార్ల కోసం చేసిన పలచని ఆయిళ్లలో రాపిడి తగ్గించే రసాయనాలు కలుపుతారు, క్లచ్‌కేమో రాపిడే ప్రాణం. రాపిడి తగ్గితే ప్లేట్లు జారతాయి. యాక్సిలరేటర్ తిప్పితే ఇంజన్ అరుస్తుంది కానీ బండి కదలదు. ఏపీఐ గుండ్రటి ముద్ర కింది భాగంలో 'రిసోర్స్ కన్సర్వింగ్' అని ఉంటే, కారు యజమానికి మంచి కబురైన ఆ మాట బైకు యజమానికి హెచ్చరిక.

ఈ చిక్కు కోసమే జపాన్‌లో 1998లో జాసో టీ903 ప్రమాణం పుట్టింది. క్లచ్‌ను పట్టి ఉంచే ఆయిళ్లకు ఎంఏ అని పేరు, అందులో పట్టు ఎక్కువున్నది ఎంఏ2. రాపిడి తక్కువున్నది ఎంబీ. 'ఎంబీ అంటే నాసిరకం' అన్నది షాపుల్లో కూడా వినిపించే మాటే. గేర్లు లేని స్కూటర్లలో క్లచ్ ఆయిల్‌లో మునగదు కాబట్టి, వాటికి ఎంబీ చక్కగా సరిపోతుంది. యాక్టివాకు కంపెనీ చెప్పేది అదే. ఇక డబ్బా మీది '4టీ' నాణ్యత గుర్తు కాదు. నాలుగు స్ట్రోకుల ఇంజన్‌కు పనికొస్తుందని మాత్రమే దాని అర్థం.

'ఫుల్లీ సింథటిక్' అంటే పూర్తిగా ల్యాబులో పుట్టిన ఆయిల్ అన్న నమ్మకం పాతకాలానికి చెందింది. ఒకప్పుడు ఆ మాట పీఏఓ, ఎస్టర్ల వంటి కృత్రిమ ద్రవాలకే చెల్లేది. ముడి చమురునే హైడ్రోజన్‌తో తీవ్రంగా శుద్ధి చేసిన గ్రూప్-3 ఆయిల్‌ను క్యాస్ట్రాల్ కంపెనీ 'సింథటిక్' పేరుతో అమ్మడంపై పోటీదారు మోబిల్ అభ్యంతరం తెలిపింది. 1999లో అమెరికా ప్రకటనల పరిశీలక విభాగం క్యాస్ట్రాల్ పక్షాన తీర్పిచ్చింది. ఆ తర్వాత చాలా దేశాల్లో గ్రూప్-3 కూడా సింథటిక్కే అయింది. అవి మంచి ఆయిళ్లే. అయితే ఆ పదం తయారీ పద్ధతిని సూచిస్తుందే తప్ప, ఏ పరీక్షలో నెగ్గిందో చెప్పదు. 'సెమీ సింథటిక్'లో సింథటిక్ పాలెంతో చాలా డబ్బాలు అసలు చెప్పవు.

డీజిల్ కార్లవారు యూరప్ తయారీదారుల సంఘం ఏసీఈఏ అక్షరాలను కూడా చూడాలి. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక ఈ కార్ల సైలెన్సర్ దారిలో మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ చేరింది. ఆయిల్ కాలినప్పుడు మిగిలే బూడిద ఆ ఫిల్టర్‌ను మెల్లగా మూసేస్తుంది. సీ2, సీ3 లాంటి సీ తరగతి ఆయిళ్లలో బూడిద తక్కువ. ఏపీఐ సీ డీజిల్‌ను సూచిస్తుందని, ఏసీఈఏ సీ తక్కువ బూడిదను సూచిస్తుందని తెలియక రెంటినీ ఒకటిగా చదివేవారున్నారు.

చివరిది, ఆ రాతల వెనుక ఎవరి హామీ ఉందన్న విషయం. ఏపీఐ గుండ్రటి ముద్ర లైసెన్సు ఉన్నవారికే దక్కుతుంది, ఆ లైసెన్సు ఉందో లేదో ఏపీఐ జాబితాలో సరిచూసుకోవచ్చు. ముద్ర లేకుండా 'ఏపీఐ ఎస్‌ఎన్ ప్రమాణాలకు తగినది' అని ఉంటే అది కంపెనీ సొంత మాట. జాసో, ఏసీఈఏ అక్షరాలు కూడా తయారీదారు తన బాధ్యత మీద చెప్పుకునేవే. బెంజ్, ఫోక్స్‌వ్యాగన్ లాంటి కార్ల కంపెనీల అంకెల పక్కన 'అప్రూవల్' అని ఉంటే ఆ కార్ల కంపెనీ పరీక్షించి ఒప్పుకుందని అర్థం. 'రికమెండెడ్ ఫర్' అని ఉంటే సిఫారసు చేసింది ఆయిల్ కంపెనీయే.