ముఖమునకు వెలుగు

ఇంటి వృద్ధుల పటము కొఱకు బంధువులు వెదకునది తఱచుగా వారు గతించిన పిదపనే. అరువది దాటిన నావంటివాడు ఈ మాట సంకోచము లేక యనవచ్చును. అప్పుడు దొరకిన పటమున తెల్లని పంచెయు, సున్నపు గోడయు చక్కగా కానవచ్చును. ముఖము మాత్రము నల్లని మచ్చవలె నుండును. అందులకు కారణము కెమెరా స్వభావమున గలదు.

కెమెరా తన యెదుటి దృశ్యము సగటున నడిమి బూడిదవన్నె కలదని యెంచి వెలుగును కొలుచును. తెల్లగోడ ముందు తెల్లచీర కట్టిన అవ్వను కూర్చుండబెట్టినచో, ఆ తెలుపంతయు చూచి వెలుగు మిక్కుటమైనదని భ్రమించి పటమునంతయు చీకటి చేయును. చామనచాయ ముఖము మఱింత నల్లబడును. నేటి చేతిఫోనులు ముఖమును గుర్తించి కొంత సవరించుకొనును గాని, వెనుక ఎండ యున్నప్పుడు వానిని నమ్మి యూరకుండరాదు. తెరపై ముఖమున్న చోట వ్రేలితో తాకవలెను. పెక్కు ఫోనులలో అచట చిన్న సూర్యుని గుర్తు కానవచ్చును. దానిని పైకి జరిపిన వెలుగు హెచ్చును, క్రిందికి జరిపిన తగ్గును. గోడ వెలవెలబోయినను చింత లేదు. మనకు కావలసినది గోడ కాదు గదా! నుదురు మాత్రము తెల్లబారరాదు. అట్లు పూర్తిగా తెల్లబారిన చోట రూపురేఖలను తరువాత రాబట్టుట సాధ్యము కాదు.

కొలతకంటె ముఖ్యమైనది చోటు. మిట్టమధ్యాహ్నపు ఎండలో కనుగుంటలు చీకటిగుహలగును, ముక్కునీడ పెదవిపై బడును, కన్నులు ముడుచుకొనును. అరుగు మీద, చూరు నీడలో, వీథివైపు ముఖముగా కూర్చుండుడు. నెత్తిపై ఎండ పడదు. ఎదుటి ఆకాశపు మెత్తని వెలుగు కన్నులలో మెఱయును. హైదరాబాదున ఆఱవ నిజాము కొలువులో ఛాయాచిత్రకారుడైన రాజా దీన్‌దయాళ్ (1844-1905) కాలపు చిత్రశాలలలో గాజుకప్పు నుండి దిగు వెలుగును తెరలతో అదుపు చేసెడివారు. మన చూరు ఆ పనిని ఖర్చు లేకుండ చేయుచున్నది.

పాత పద్ధతి కెమెరా గలవారికి ఒక లెక్క. నిండు ఎండలో రంధ్రసంఖ్య 16, ఫిల్ము వేగము 100 అయినచో సెకనులో నూఱవ వంతు చాలును. అరుగు నీడలో అదే వేగమునకు రంధ్రమును 5.6కు, ఒక్కొక్కప్పుడు 4కు తెరవవలెను. అనగా ఎనిమిది మొదలు పదునాఱు రెట్లు వెలుగు కావలెను. కంటికి ఇంత భేదము తోచదు, కన్ను తానే సర్దుకొనును.

లోపలి గదిలో తీయవలసివచ్చినచో కిటికీ ప్రక్కన కూర్చుండి, ముఖమును కొంచెము కిటికీవైపు త్రిప్పవలెను. రెండవ చెంప చీకటిగా నున్నచో ఆ వైపున ఎవరైనను ఒక తెల్లని ఉత్తరీయమును విప్పి పట్టుకొనవలెను. వెలుగు దానిపై బడి మరలి చెంపకు చేరును. ఉత్తరీయము పటములోనికి రాకుండ మాత్రము చూచుకొనుడు. ముడుతలు కనబడునని కొందఱు జంకుదురు. అవి కనబడని పటము నాకు నచ్చదు.