పాయింట్లు తీసేస్తే పాత కారు కొత్తదవుతుందా?

"పాయింట్లు పీకేసి ఎలక్ట్రానిక్ పెట్టించేయండి సార్, ఇక బానెట్ ఎత్తే పనే ఉండదు." విశాఖలో కంచరపాలెం, మర్రిపాలెం చుట్టుపక్కల ఏ షెడ్డులోనైనా పాత అంబాసిడరో ప్రీమియర్ పద్మినో మొరాయిస్తే వినిపించే సలహా ఇది. పక్కనే ఇంకొకరు అంతే గట్టిగా అంటారు: "పాత బండికి ఎలక్ట్రానిక్ పడదు, నడిరోడ్డు మీద నిలబెట్టేస్తుంది." రెండు మాటల్లోనూ కొంత నిజముంది. ఆ కొంత ఎంతో తేల్చుకోకుండా డబ్బు ఖర్చుపెట్టేసి, తర్వాత బండిని తిట్టుకునేవాళ్ళే ఎక్కువ.

నా అభిప్రాయం ముందే చెబుతాను. వారానికి ఒకసారైనా రోడ్డెక్కే పాత కారుకు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ మంచిదే. అయితే అది మార్చేది పాయింట్లనే ఒక్క స్విచ్చిని. ఆ స్విచ్చికి అటూ ఇటూ ఉన్న జబ్బులు దేన్నీ అది నయం చెయ్యదు.

బ్యాటరీ నుంచి వచ్చే 12 వోల్టుల కరెంటు ఇగ్నిషన్ కాయిల్‌లోని ప్రైమరీ చుట్ట గుండా వెళ్ళి, మూసుకుని ఉన్న పాయింట్ల మీదుగా ఎర్త్‌కు చేరుతుంది. ఈలోగా కాయిల్‌లో అయస్కాంత క్షేత్రం పెరుగుతుంది. డిస్ట్రిబ్యూటర్ షాఫ్టు మీది క్యామ్ పాయింట్లను విడదీయగానే కరెంటు తెగి ఆ క్షేత్రం ఒక్కసారిగా కూలుతుంది. అప్పుడు సెకండరీ చుట్టలో పుట్టిన వేల వోల్టులు రోటర్, క్యాప్, వైర్ల గుండా ప్లగ్గుకు అందుతాయి. విడిపడే పాయింట్ల మధ్య నిప్పు ఎగరకుండా, కరెంటు ఠక్కున తెగేలా చూసేది కండెన్సర్. అమెరికాలో చార్లెస్ కెట్టరింగ్ 1910 నాటి కాడిలాక్ కార్ల కోసం రూపొందించిన పద్ధతి ఇది. ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ చేసిన అంబాసిడర్, బొంబాయి కుర్లాలో తయారైన ఫియట్ 1100, దాని వారసురాలు పద్మిని, మద్రాసు స్టాండర్డ్ హెరాల్డ్ అన్నీ దీనిమీదే నడిచాయి.

ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కిట్ బిగించేటప్పుడు పాయింట్లు, కండెన్సర్ తీసేసి వాటి చోట చిన్న మాడ్యూల్‌నూ, షాఫ్టు మీద అయస్కాంతాలున్న రింగునూ పెడతారు. రింగు తిరుగుతుంటే మాడ్యూల్‌లోని సెన్సర్ దాన్ని పసిగడుతుంది, లోపలి ట్రాన్సిస్టర్ కరెంటును తెంపుతుంది. ఎడ్విన్ హాల్ 1879లో కనిపెట్టిన హాల్ ఎఫెక్టే ఇక్కడ పనిచేసేది. అయస్కాంతానికి బదులు పరారుణ కాంతిని వాడే కిట్లూ ఉన్నాయి. కాయిల్, క్యాప్, రోటర్, వైర్లు, ప్లగ్గులు, వేగాన్ని బట్టి టైమింగ్‌ను ముందుకు జరిపే బరువులూ స్ప్రింగులూ, వాక్యూమ్ డబ్బా మాత్రం పాతవే ఉంటాయి.

అపోహ: పికప్ పెరుగుతుంది, మైలేజీ పెరుగుతుంది

లెక్క చూద్దాం. నాలుగు సిలిండర్ల ఇంజిన్ 3000 ఆర్‌పీఎం మీద ఉంటే నిమిషానికి 6000 స్పార్కులు కావాలి, అంటే సెకనుకు వంద. ఒక్కో స్పార్కుకు దొరికేది 10 మిల్లీసెకన్లు. లూకాస్ 25డి4 డిస్ట్రిబ్యూటర్‌లో క్యామ్ 90 డిగ్రీలు తిరిగితే అందులో దాదాపు 60 డిగ్రీలు పాయింట్లు మూసుకునే ఉంటాయి. కాబట్టి కాయిల్ నిండడానికి ఆరున్నర మిల్లీసెకన్లకు పైగా సమయం చిక్కుతుంది. మామూలు కాయిల్‌కు అది చాలు. 4000 ఆర్‌పీఎం దగ్గర కూడా ఐదు మిల్లీసెకన్లు మిగులుతాయి. 1489 సీసీ అంబాసిడర్ ఇంజిన్‌ను అంతకంటే పరుగెత్తించే సందర్భాలు అరుదు. సరిగ్గా సెట్ చేసిన పాయింట్లతో పోలిస్తే ఈ ఇంజిన్‌లో అదనంగా వచ్చే బలం ఏమీ ఉండదు.

అలాగని కిట్ పెట్టించాక మైలేజీ పెరిగిందనేవాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. వాళ్ళు పోల్చుతున్నది అరిగిపోయిన పాయింట్లతో. పాయింట్లలో క్యామ్‌కు రాసుకునే మడమ భాగం అరిగేకొద్దీ గ్యాప్ తగ్గుతుంది. గ్యాప్ తగ్గితే పాయింట్లు ఆలస్యంగా విడిపడతాయి, టైమింగ్ వెనక్కి జారుతుంది, పికప్ మందగిస్తుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. ఇదంతా నెలల తరబడి కొంచెం కొంచెంగా జరుగుతుంది కాబట్టి నడిపేవాడికి తెలీదు. ఫీలర్ గేజ్‌తో గ్యాప్‌ను 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య పెట్టి, టైమింగ్ సరిచేసుకుంటే ఆ లాభంలో చాలా భాగం కిట్ లేకుండానే చేతికొస్తుంది. కిట్ ఇచ్చే అసలు మేలు వేరే ఉంది. రాసుకునే భాగమే లేదు గనుక, పెట్టిన టైమింగ్ అలాగే నిలబడుతుంది. ఒక్క ఈ కారణం చాలు, నేను దాన్ని మెచ్చుకోవడానికి.

40 వేల వోల్టుల కాయిల్ వేస్తే స్పార్కు అంత పెద్దదవుతుందన్న మాట కూడా ఇలాంటిదే. ప్లగ్ గ్యాప్‌ను దూకడానికి ఎంత అవసరమో వోల్టేజీ అంతవరకే పెరుగుతుంది. మామూలు గ్యాప్‌కు అందులో సగం కూడా అక్కర్లేదు.

అపోహ: ఘాట్‌లో కాయిల్ వేడెక్కి ఆగిపోయే బండికి ఇదే మందు

శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కుతూ అరకు వెళ్ళే దారిలో పాత కారు ఆగితే నేరం ముందుగా కాయిల్ మీదికి పోతుంది. కాయిల్ మీద తడిగుడ్డ వేస్తారు, పావుగంట ఆగుతారు, బండి స్టార్ట్ అవుతుంది. దాంతో కాయిలే దోషి అని తేల్చేస్తారు. ఆ పావుగంటలో చల్లబడింది కాయిల్ ఒక్కటే కాదు, పెట్రోలు పంపు, పైపు, కార్బురేటర్ కూడా చల్లబడ్డాయి. ఎండలో, తక్కువ గేరులో ఎత్తు ఎక్కేటప్పుడు పెట్రోలు పైపులోనే ఆవిరై పంపుకు అందకుండా పోవచ్చు. దాన్ని వేపర్ లాక్ అంటారు. ఇగ్నిషన్‌కూ దానికీ ఏ సంబంధమూ లేదు. ఎంత ఖరీదైన కిట్ పెట్టినా ఆ వంపులోనే మళ్ళీ ఆగుతుంది.

ఏది దోషో బండి ఆగిన చోటే తెలుసుకోవచ్చు. ఒక ప్లగ్ విప్పి, దాని వైరుకే తగిలించి, ప్లగ్ లోహపు ఒంటిని ఇంజిన్‌కు ఆనించి సెల్ఫ్ కొట్టించండి. విప్పిన ప్లగ్ రంధ్రానికి దూరంగా పెట్టాలి, అందులోంచి పెట్రోలు ఆవిరి వస్తుంది. నీలిరంగులో టక్‌టక్‌మని స్పార్కు వస్తుంటే ఇగ్నిషన్ బాగుంది, వెతకాల్సింది పెట్రోలు వైపు. స్పార్కు లేకపోతేనో, పసుపుగా బలహీనంగా ఉంటేనో కాయిల్‌ను, పాయింట్లను, కండెన్సర్‌ను అనుమానించాలి. కండెన్సర్ పోతే పాయింట్ల మధ్య నిప్పులు ఎగురుతూ అవి నల్లగా కాలి కనబడతాయి. ప్లగ్‌ను ఎర్త్‌కు ఆనించకుండా వైరును గాల్లో వేలాడదీసి స్పార్కు చూడడం షెడ్లలో అలవాటు. ఎలక్ట్రానిక్ ఉన్న బండికి ఆ పని చెయ్యకండి. దారి దొరకని వోల్టేజీ కాయిల్‌నో మాడ్యూల్‌నో దెబ్బతీస్తుంది.

అపోహ: వానాకాలంలో ఇక ఆగదు

విశాఖలో ఇది పెద్ద ఆశ. తుపాను గాలులకు, ఉప్పు తేమకు ఇక్కడ పాత కారు కష్టాలు లోతట్టు ఊళ్ళ వాళ్ళకు అంతగా తెలియవు. తేమ దాడి చేసేది పాయింట్ల కంటే ఎక్కువగా క్యాప్ మీద, వైర్ల మీద. క్యాప్ లోపల తడి పేరుకుంటే స్పార్కు ప్లగ్గుకు పోకుండా ఆ తడి దారిన ఎర్త్‌కు జారుతుంది. ఒకసారి అలా జారితే క్యాప్ మీద సన్నని నల్లటి గీత పడుతుంది. అది బొగ్గు. తర్వాత తేమ లేకపోయినా కరెంటు అదే గీత వెంట పోతుంది. ఆ క్యాప్‌ను మార్చాల్సిందే, గీకితే సరిపోదు. కిట్ పెట్టించి ప్లగ్ గ్యాప్ పెంచితే వోల్టేజీ ఇంకా ఎక్కువ కావాలి, లీకయ్యే అవకాశమూ పెరుగుతుంది. అందుకే ముందు కొత్త క్యాప్, కొత్త రోటర్, కొత్త వైర్లు. కిట్ ఆ తర్వాత.

సముద్రపు గాలి తినేసేది ఇంకోటి ఉంది, ఎర్త్. డిస్ట్రిబ్యూటర్ లోపల బేస్ ప్లేట్‌ను ఒంటికి కలిపే సన్నని తీగ, ఇంజిన్‌ను బాడీకి కలిపే అల్లిక పట్టీ పచ్చబడి, పెళుసెక్కి ఉంటాయి. పాయింట్లు కొంతవరకు ఓర్చుకుంటాయి. మాడ్యూల్ ఓర్చుకోదు. కొత్త కిట్ బాగా లేదని వెనక్కి ఇచ్చేసే ముందు ఆ తీగను చూడండి.

అపోహ: రెండు వైర్లే కదా, ఎవరైనా బిగించొచ్చు

ఎరుపు వైరు కాయిల్ పాజిటివ్‌కు, నలుపు నెగటివ్‌కు. చాలా కిట్లకు పని నిజంగానే అంతే. తప్పు జరిగేది అంతకుముందే.

మొదటిది ఎర్త్ దిశ. డైనమో ఉన్న పాత బ్రిటిష్ డిజైను కార్లలో చాలావాటికి బ్యాటరీ పాజిటివ్ బాడీకి కలిసి ఉంటుంది. మన దగ్గరున్న తొలినాటి కార్లలో కొన్ని అలాగే ఉన్నాయి, కొన్నిటిని మధ్యలో ఎవరో నెగటివ్‌కు మార్చారు. పుస్తకం చూసి నమ్మకుండా బ్యాటరీలో ఏ కొస బాడీకి వెళ్తోందో కళ్ళతో చూడాలి. పాయింట్లకు దిశతో పనిలేదు. మాడ్యూల్‌కు తలకిందులుగా కరెంటు ఇస్తే తాళం తిప్పగానే కాలిపోతుంది.

రెండోది కాయిల్. బ్యాలస్ట్ లేని మామూలు 12 వోల్టుల కాయిల్ ప్రైమరీ దాదాపు 3 ఓములు చూపిస్తుంది. బ్యాలస్ట్ రెసిస్టర్‌తో వాడే కాయిల్ దాదాపు సగమే చూపిస్తుంది. ఆ తక్కువ ఓముల కాయిల్‌ను బ్యాలస్ట్ లేకుండా కలిపితే కరెంటు రెట్టింపై కాయిలూ మాడ్యూలూ రెండూ మాడతాయి. కిట్ కాగితంలో ఎన్ని ఓములు ఉండాలో రాసి ఉంటుంది, మల్టీమీటర్ పెడితే నిమిషంలో తేలుతుంది. బ్యాలస్ట్ ఉన్న కార్లో మాడ్యూల్ ఎరుపు వైరును బ్యాలస్ట్‌కు ముందు, పూర్తి 12 వోల్టులు అందే చోట కలపాలి.

మూడోది ప్లగ్ వైర్లు. లోపల రాగి తీగ ఉన్నవే శ్రేష్ఠమని చాలామంది నమ్మకం. ఆ రాగి తీగ వెదజల్లే రేడియో రొద మాడ్యూల్‌ను తికమకపెడుతుంది, ఇంజిన్ మిస్సింగ్ కొడుతుంది. రెసిస్టెన్స్ ఉన్న కార్బన్ వైర్లే వెయ్యాలి.

అన్నీ అయ్యాక టైమింగ్ లైటు పెట్టి టైమింగ్ మళ్ళీ సెట్ చెయ్యాలి. పాయింట్లు విడిపడే చోటూ మాడ్యూల్ కరెంటు తెంపే చోటూ ఒకటి కావు. చెవితో విని సర్దేయడం ఇక్కడ పనికిరాదు.

అపోహ: ఇది బైకుల్లోని సీడీఐ లాంటిదే

కాదు. సీడీఐలో కెపాసిటర్‌ను కొన్ని వందల వోల్టులకు నింపి కాయిల్‌లోకి ఒక్కసారిగా వదులుతారు. ఇక్కడ కాయిలే శక్తిని దాస్తుంది, పాత పద్ధతిలాగే. చేతక్ స్కూటర్ అనుభవాన్ని యథాతథంగా కారుకు తేవద్దు.

అపోహ: ఇక మెయింటెనెన్స్ ఉండదు

రోటర్ కింద ఫెల్టు మీద వేసే రెండు చుక్కల నూనె ఇంకా వెయ్యాలి. బరువులు తుప్పు పట్టి బిగుసుకుంటే టైమింగ్ ముందుకు జరగదు, కిట్ దాన్ని కదల్చలేదు. షాఫ్టు బుష్ అరిగిందేమో చూడడానికి రోటర్ పట్టుకుని పక్కకు ఊపండి. కొట్టొచ్చినట్టు ఊగితే ముందు బుష్ మార్పించాలి. ఇంజిన్ ఆపి, పాటలు వినడానికని తాళం ఆన్‌లో వదిలేసే అలవాటు పాయింట్లున్నప్పుడు కాయిల్‌ను వేడెక్కించేది. ఇప్పుడు మాడ్యూల్‌ను కూడా మాడుస్తుంది.

భయం: పోతే నడిరోడ్డే

ఈ భయంలో నిజం ఉంది. పాయింట్లు పాడయ్యే ముందు వారాల తరబడి స్టార్టింగ్ ట్రబుల్‌తో, మిస్సింగ్‌తో చెబుతూనే ఉంటాయి. మాడ్యూల్ చెప్పకుండా పోతుంది. బ్యాటరీ బాగా దిగిపోయినప్పుడు పాయింట్ల బండి హ్యాండిల్ కొడితేనో తోస్తేనో అందుకుంటుంది, చాలా మాడ్యూళ్ళు ఆ కొద్ది వోల్టులకు మేలుకోవు. అందుకే తీసిన సామాను షెడ్డులో వదిలిరాకండి.

పాత సామాను దాచుకోవడానికి ఇంకో కారణమూ ఉంది. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉండి, చాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు జరగని బండికి వీఏ అక్షరాలున్న ప్రత్యేక నంబరు ఇస్తారు. మాడ్యూల్ క్యాప్ కింద దాక్కుంటుంది, ఏ రంధ్రమూ తొలవక్కర్లేదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసేయొచ్చు. పాత భాగాలు చేతిలో ఉంటే బండిని ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టు మళ్ళీ నిలబెట్టడం అరగంట పని.

పాయింట్లు, కండెన్సర్ బిగించిన బేస్ ప్లేటును గ్యాప్ సెట్ చేసి, నూనె గుడ్డలో చుట్టి, డబ్బాలో పెట్టి డిక్కీలో ఉంచండి. దాంతోపాటు ఒక స్క్రూడ్రైవరు, ఫీలర్ గేజ్, పాత వైరు ఏ కొసకు కలిసి ఉండేదో రాసిన కాగితం.