శ్వాస మీద ధ్యాస సరే, డ్యూటీ చార్టు మాటేమిటి?

ఆసుపత్రి సిబ్బందికి ధ్యానం నేర్పితే బర్న్‌అవుట్ తగ్గుతుందా? అనంతపురం జిల్లాను ముందు పెట్టుకుని ముఖచిత్ర కథనం రాయమన్నారు ఎడిటర్. గడువు శుక్రవారం సాయంత్రం. ధ్యానం మీద బోలెడు పుస్తకాలున్నాయి కానీ, నన్ను పట్టుకుని వదలనిది బర్న్‌అవుట్‌ను కొలిచే 22 ప్రశ్నల ఫారం ఒకటి.

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త క్రిస్టినా మాస్లాక్, సుసాన్ జాక్సన్‌తో కలిసి 1981లో దాన్ని ప్రచురించారు. ఒక్కో ప్రశ్నకూ సున్నా నుంచి ఆరు దాకా మార్కులు. 'ఎప్పుడూ లేదు' అంటే సున్నా, 'రోజూ' అంటే ఆరు. మనిషిలో సత్తువ ఎంత మిగిలిందో తొమ్మిది ప్రశ్నలు అడుగుతాయి. చేసే పని నలుగురికీ పనికొస్తోందన్న తృప్తి ఉందా అని ఎనిమిది. మిగతా ఐదింటి దగ్గరే నేను ఆగిపోయాను. ఎదుటివాళ్లు మనుషుల్లా కాక వస్తువుల్లా కనిపిస్తున్నారా? ఈ పనిలోకి వచ్చాక మనసు మొద్దుబారిందా? వాటి సారాంశం ఇది.

"ఏడో బెడ్డుకు సెలైన్ అయిపోయింది" అన్న మాట ఏ వార్డులోనైనా వినిపిస్తుంది. ఆ బెడ్డు మీదున్నది ఎవరి తల్లో, ఏ ఊరి నుంచి వచ్చిందో అడిగే తీరిక ఎక్కడిది? నర్సమ్మ కసురుకుంటోందని బంధువులు నొచ్చుకుంటారు. ఆ కసురు చాలాసార్లు ఖాళీ అయిపోయిన మనిషి నోటి నుంచి వచ్చేదే. బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలన్నది భారత నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. కరవు జిల్లా పెద్దాసుపత్రిలో ఆ లెక్క నిలవడం ఎంత కష్టమో ఒక్క ఓపీ క్యూ చూస్తే తెలుస్తుంది.

ఇదే ఫారం ఆశా కార్యకర్త చేతికిస్తే? పల్లెల్లో సుమారు వెయ్యి మందికి ఒక ఆశా. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను 42 రోజుల్లో ఆరుసార్లు ఇంటికెళ్లి చూడాలి. వానల్లేక బెంగళూరుకు వలసెళ్లే కుటుంబాలున్న సీమలో, ఎండలో నడిచి వెళ్తే తలుపుకు తాళం. ఆ చూపు తప్పినా, రికార్డు తప్పినా మాట పడేది ఆమే. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆశాలకు పురస్కారం ఇచ్చింది. నాకు సంతోషమే. కానీ పురస్కారం ఆమె నడకను తగ్గించదు కదా.

ఇక శ్వాస మీద ధ్యాస నిలిపే ఈ ధ్యానం చరిత్ర రెండు ముక్కల్లో: బౌద్ధుల సతిపట్ఠాన బోధలో మూలం; 1969లో బర్మా నుంచి భారత్‌కు వచ్చి ధ్యాన గురువు గోయెంకా విపశ్యన నేర్పారు; 1979లో జాన్ కబాట్ జిన్ మసాచుసెట్స్ వైద్య కళాశాలలో ధ్యానాన్ని ఎనిమిది వారాల శిక్షణగా మలిచారు.

అందులో ఎండుద్రాక్ష అభ్యాసం ఒకటుంది. పండును వేళ్లతో తడమడం, వాసన చూడటం, నాలుక మీద పెట్టుకుని కొరకకుండా ఆగడం. మనకు ఒక చెనక్కాయ గింజ చాలు. పొర ఊడే సన్నటి చప్పుడు దగ్గర నిమిషం నిలబడినా మనసు కుదుటపడుతుంది. సబ్బుతో చేతులు కడుక్కోవడానికి 40 నుంచి 60 సెకన్లు పట్టాలంటారు. నర్సుకు ఆ కాస్త సమయమే ధ్యానం కావచ్చు. ఇది నాకు నిజంగా ఇష్టమైన సంగతి.

ఫలితం ఉంది కూడా. 2009లో అమెరికాలోని రోచెస్టర్‌లో 70 మంది వైద్యులు ఇలాంటి శిక్షణ పొందాక అలసట తగ్గింది, రోగుల పట్ల సానుభూతి పెరిగింది. అయితే పోల్చిచూడటానికి శిక్షణ లేని బృందం లేదు. 2017లో 19 అధ్యయనాలను కలిపి చూస్తే, వైద్యుణ్ణి మార్చే శిక్షణల కంటే పనివేళలు, పనితీరు మార్చిన చోట్లే మేలు ఎక్కువ కనిపించింది.

నా అనుమానమంతా ఇక్కడే. రెసిడెంట్ డాక్టర్లకు వారానికి 48 గంటలని 1992లోనే కేంద్రం చెప్పింది. 2024లో జాతీయ వైద్య కమిషన్ నియమించిన బృందం 74 గంటలు మించొద్దని సిఫారసు చేసింది. 48 నుంచి 74కు జారిన చోట, సెలవు రోజున పిలిచి కళ్లు మూసుకోమంటే అది ఇంకో డ్యూటీ. శిక్షణ ఇవ్వండి. డ్యూటీ వేళల్లో, జీతంతో, ఆ గంటకు వార్డులో బదులు మనిషిని పెట్టి ఇవ్వండి.

బాక్స్: ఇది జబ్బు కాదు
బర్న్‌అవుట్ జబ్బు కాదని, ఉద్యోగంలో అదుపు తప్పిన ఒత్తిడి ఫలితమని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వివరించింది. నిద్ర పట్టకపోయినా, బతుకు మీద విసుగొచ్చినా టెలీ మానస్ 14416కు ఫోన్ చేయవచ్చు. ఉచితం, రాత్రింబవళ్లూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు.